డిటెక్టర్ 78 శాతం అంది, మార్కు సున్నా వేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్, రెండు సెక్షన్లు కలిపి 126 మంది. మూడిల్‌లో (కాలేజీ ఆన్‌లైన్ కోర్సు వేదిక) ఇచ్చిన వ్యాసం లాంటి అసైన్‌మెంట్‌కు ఏఐ డిటెక్టర్ 43 మందికి 60 శాతం పైన చూపించింది, ఒకబ్బాయికి 78. "10 శాతం దాటితే యూజీసీ ప్రకారమే చర్య తీసుకోవచ్చు, సున్నా వేసెయ్యండి" అని హెచ్‌ఓడీ గారు అంటున్నారు. రెండో సంగతి, మీ తెలుగు విభాగం థీసిస్‌లకు సిమిలారిటీ ఎప్పుడూ సున్నానో ఒకటో వస్తోంది, దాన్ని నమ్మొచ్చా అని.

మొదటిదానికి జవాబు: వేయకండి. వేస్తే రేపు ఆ అబ్బాయి తండ్రి వచ్చి కూర్చున్నప్పుడు మీ చేతిలో ఒక అంకె తప్ప ఏమీ ఉండదు. రెండోదానికి: నమ్మకండి.

హెచ్‌ఓడీ గారు చెప్తున్న 10 శాతం 2018 జులైలో యూజీసీ తెచ్చిన అకడమిక్ ఇంటెగ్రిటీ నిబంధనల్లోది. అందులో మెట్లున్నాయి. సిమిలారిటీ 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతోంది. ఒకటి, ఆ అంకె సిమిలారిటీది, అంటే వేరే చోట ఉన్న రాతతో ఎంత కలిసింది అన్నది. ఏఐ శాతం పూర్తిగా వేరే సరుకు. ఆ నిబంధనలు వచ్చేనాటికి చాట్‌జీపీటీ పుట్టడానికి ఇంకా నాలుగేళ్లుంది. రెండోది ఇంకా ముఖ్యం: ఆ నిబంధనలు "స్క్రిప్ట్" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, కోర్సు వర్కు, వ్యాసాలు, జవాబు పత్రాలు రావని రాసి ఉంది. పీజీ, పరిశోధన స్థాయి డిగ్రీల కోసం ఇచ్చే డిసర్టేషన్, థీసిస్, ప్రచురణలకే ఆ మెట్లు. బీటెక్ రెండో ఏడాది అసైన్‌మెంట్‌కు మీ కాలేజీ రాతపూర్వకంగా పెట్టుకున్న నియమమే ఆధారం. అది లేకపోతే శిక్షకు కాలు మోపే చోటే లేదు.

ఇక డిటెక్టర్ సంగతి. అది చేసేది ఒక్కటే: ఈ మాట తర్వాత ఆ మాట రావడం ఎంత మామూలు అని లెక్కగట్టడం. అంతా ఊహించగలిగే వరసలో నడిస్తే "యంత్రం" అంటుంది. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లిష్ ఎలా నేర్చుకున్నారో మీకు తెలుసు. "ఎ స్టాక్ ఈజ్ ఎ లీనియర్ డేటా స్ట్రక్చర్ విచ్ ఫాలోస్..." అని గైడులో ఉన్న వాక్యాన్ని ఉన్నట్టు అప్పజెప్పిన పిల్లవాడి రాత కంటే ఊహించగలిగే రాత ఇంకేం ఉంటుంది? 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాలవి. సగటున 61.3 శాతం వ్యాసాలు యంత్రం రాసినవని తేలాయి. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువని అదే ఏడాది జులైలో వెనక్కి తీసుకుంది. కాపీని, ఏఐ రాతను వెతికే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ కూడా ఏఐ 20 శాతం లోపు వస్తే అంకె చూపించదు, నక్షత్రం గుర్తు పెట్టి ఊరుకుంటుంది. 300 పదాల లోపు రాతను అసలు తీసుకోదు.

సరే, తప్పు పట్టడం ఒక్క శాతమే అనుకుందాం. టర్నిటిన్ ఒక శాతం కన్నా తక్కువే అని చెప్పుకుంది. మీ 126 మంది సెమిస్టర్‌కు ఐదు అసైన్‌మెంట్లు ఇస్తే 630 సమర్పణలు. సొంతంగా రాసిన ఆరుగురి మీద దొంగ ముద్ర. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఇదే లెక్క వేసుకుంది. 2022లో తాము టర్నిటిన్‌కు పంపినవి 75,000 పేపర్లు, ఒక శాతం అంటే 750 అని చెప్పి, 2023 ఆగస్టులో ఆ డిటెక్టర్‌ను ఆపేసింది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న 43 మందిని ఏం చేయాలి? ముందు, ఆ 43 మందినే పిలవకండి. పిలిస్తే విచారణ మొదలుకాక ముందే తీర్పు చెప్పినట్టే. 126 మందికీ ఒకే పని పెట్టండి. వచ్చే క్లాసులో 15 నిమిషాలు, ఎవరి అసైన్‌మెంట్ ప్రింటు వాళ్ల ముందు పెట్టి మూడు ప్రశ్నలు కాగితం మీద రాయించండి: మీరు ఇచ్చిన ఉదాహరణనే వేరే అంకెలతో చేసి చూపండి, మీ మూడో పేరాలో మీరు వాడిన ఒక సాంకేతిక పదాన్ని విప్పి చెప్పండి, మీ రిఫరెన్సుల్లో ఒకటి ఎంచుకుని అందులో ఏం చదివారో నాలుగు వాక్యాలు రాయండి. వైవా అయితే మనిషికి నాలుగు నిమిషాలు చొప్పున 504 నిమిషాలు, దాదాపు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. కాగితం మీదైతే ఒక పీరియడ్‌లో అయిపోతుంది. దిద్దాక ఏమీ చెప్పలేకపోయినవాళ్లు పాతికమంది మిగులుతారనుకుంటే, వాళ్లతో ఐదేసి నిమిషాలు మాట్లాడటానికి రెండు గంటలు చాలు. డిటెక్టర్ పట్టుకున్న 43కీ ఈ పాతికకీ పొంతన కుదరకపోతే ఆశ్చర్యపోకండి.

అయినా సరే, ఈ కాగితానికి ఈసారి మార్కులు కోయకండి. ముందు చెప్పని నియమంతో వెనక్కి వెళ్లి శిక్షించడం అప్పీలులో నిలవదు. ఈ అసైన్‌మెంట్‌లో న్యాయంగా మార్కు తగ్గించగలిగిన చోటు ఒకటుంది, రిఫరెన్సులు. ఏఐ కల్పించే రిఫరెన్సులో రచయిత నిజం, జర్నల్ నిజం, వ్యాసం మాత్రం ఎక్కడా ఉండదు. ఒక్కో సమర్పణకు మూడు రిఫరెన్సులు తీసుకుని డీఓఐ నంబరును (పరిశోధన పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) డీఓఐ సైటులో వేయండి, శీర్షికను కోట్స్‌లో పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. డీఓఐ తెరిస్తే ఏదో చేపల పెంపకం పేపరు వచ్చిందంటే చెప్పాల్సిన పనిలేదు. లేని పేపర్‌ను చదివానని రాయడం ఏఐ వాడినా వాడకపోయినా తప్పే. దాన్ని నిరూపించడానికి ఏ డిటెక్టరూ అక్కర్లేదు.

మాటలు మార్చి తిరగరాసే పారాఫ్రేజ్ టూల్‌లో తిప్పిన రాత కూడా ఇలాగే కంటికి దొరికిపోతుంది. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ ఇలాంటి పదాల మీద పనిచేసి వాటికి "టార్చర్డ్ ఫ్రేజెస్" అని పేరు పెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయిపోతుంది, సిగ్నల్ టు నాయిస్ "ఫ్లాగ్ టు క్లామర్" అవుతుంది. మీ సబ్జెక్టులో హీప్ అనాల్సిన చోట "పైల్" అని, లీఫ్ నోడ్‌కు బదులు "ఫోలియేజ్ హబ్" లాంటిది కనిపిస్తే అక్కడ ఆగి ఆ పిల్లవాడిని అడగండి.

సిమిలారిటీ రిపోర్టు చదివే పద్ధతి గురించి రెండు ముక్కలు. మొత్తం శాతం చూడకండి, పెద్ద సోర్సు ఏదో చూడండి. నలభై చోట్ల నుంచి అర శాతం చొప్పున చేరిన 22 కన్నా, ఒకే చోటి నుంచి ఏకధాటిగా వచ్చిన 9 ప్రమాదకరం. సర్టిఫికెట్ పేజీ, డిక్లరేషన్, రిఫరెన్సులు, మీరే ఇచ్చిన ప్రశ్న పాఠం, వీటిని తీసేసి మళ్లీ నడపండి. ఒకరికి 98 శాతం వచ్చి, సోర్సు దగ్గర "స్టూడెంట్ పేపర్" అని ఉంటే కంగారు పడొద్దు. చాలాసార్లు ఆ విద్యార్థి ముందుగా బయట నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి చెక్ చేయించుకుని ఉంటాడు. ఆ సెంటర్‌వాడి అకౌంట్ పేపర్‌ను రిపాజిటరీలో, అంటే పోల్చడానికి సాఫ్ట్‌వేర్ ఉంచుకునే పేపర్ల నిల్వలో, దాచేసి ఉంటుంది. ఇప్పుడు ఆ విద్యార్థి రాత తన రాతతోనే కలిసింది. అందుకే డ్రాఫ్టుల కోసం మీరే వేరే అసైన్‌మెంట్ తెరిచి, "స్టోర్ స్టూడెంట్ పేపర్స్" దగ్గర నో రిపాజిటరీ పెట్టి ఇవ్వండి.

తెలుగు థీసిస్‌ల సున్నా కథ వేరు. ఆ పీడీఎఫ్ తెరిచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. తెలుగు రాకుండా ఇంగ్లిష్ అక్షరాలు, నెత్తిన గుర్తులున్న అక్షరాలు కలగాపులగంగా పడితే అది అను ఫాంట్లలోనో ఇంకో పాత డీటీపీ ఫాంట్‌లోనో కొట్టింది. మన కంటికి తెలుగు, సాఫ్ట్‌వేర్‌కు అర్థం లేని గుర్తుల కుప్ప. దానికి సిమిలారిటీ సున్నా రాక ఏమొస్తుంది? వేరేవాళ్ల థీసిస్‌ను మొత్తంగా అదే ఫాంట్‌లో మళ్లీ కొట్టించి ఇచ్చినా యూనికోడ్‌లో ఉన్న అసలుతో కలవదు. యూనికోడ్‌లో ఉన్నా కొన్ని పీడీఎఫ్‌ల నుంచి వత్తులు, గుణింతాలు తారుమారై బయటికొస్తాయి. కాబట్టి పీడీఎఫ్ వద్దు, గౌతమి, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్‌లో వర్డ్ ఫైలే ఇవ్వాలని సమర్పణ నియమంలో రాయించండి. ఇప్పటికే కొట్టించేసినవాళ్లు కన్వర్టర్ వాడుకోవచ్చు, కానీ వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఒక అధ్యాయం కూర్చుని దిద్దుకోవాలి.

ఫాంటు సరిచేశాక కూడా తెలుగు తెలుగే. "ఇన్ ద లైవ్స్ ఆఫ్ ద ఫార్మర్స్" అని ఇంగ్లిష్‌లో ఆరు పదాలయ్యేది మనకు "రైతుల జీవితాల్లో" అని రెండే. యూజీసీ మినహాయింపుల్లో, అందరికీ తెలిసిన విషయాలకో యాదృచ్ఛికంగా కలిసే మాటలకో వరుసగా 14 పదాల వరకు వదలొచ్చని ఉంది. దాన్నే టూల్‌లో "14 పదాల లోపు వదిలెయ్" అని సెట్ చేస్తే తెలుగులో రెండేసి వాక్యాలు జారిపోతాయి. 5, 6 దగ్గర పెట్టి, వచ్చిన చిల్లర కలయికల్ని చేత్తో ఏరేయడం మేలు. పైగా "జీవితాలను చిత్రించాడు" అన్నదాన్ని "జీవితాల్ని చిత్రించారు" అని మారిస్తే చాలు, రెండు పదాలూ కొత్తవైపోతాయి. పాత తెలుగు పుస్తకాల్లో, థీసిస్‌ల్లో చాలా భాగం స్కాన్ చేసిన బొమ్మలు కాబట్టి పోల్చడానికి అక్కడ అక్షరాలే దొరకవు. తెలుగు విభాగంవాళ్లు చేయగలిగిన నమ్మకమైన పని పాతదే: శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌ల ఆన్‌లైన్ నిల్వ) అదే అంశం మీద ఉన్న థీసిస్‌లు తీసి విషయసూచికలు పక్కపక్కన పెట్టుకుని చదవడం, అధ్యాయానికి మూడు వాక్యాలు ఎంచుకుని ఎనిమిదేసి పదాలు కోట్స్‌లో పెట్టి వెతకడం. వాక్యం తెలుగులా లేకుండా "ఇది గణనీయమైన పాత్రను పోషిస్తుంది" ధోరణిలో నడిచిన చోట దాన్ని ఇంగ్లిష్‌లోకి తిప్పి వెతికితే అసలు దొరుకుతుంది.

మళ్లీ మీ క్లాసుకు వద్దాం. వచ్చే అసైన్‌మెంట్‌ను వ్యాసంగా ఇవ్వకండి. "ఏవీఎల్ ట్రీ గురించి వివరించండి" అన్న ప్రశ్నకు ఏఐ రాసేదే ఉత్తమ జవాబు, దాన్ని నిషేధించి లాభం లేదు. ఒక్కొక్కరికి ఒక్కో అంకెల వరస ఇచ్చి, దాంతో ఏవీఎల్ ట్రీ కట్టమనండి. అటెండెన్స్ రిజిస్టర్‌లో వరుస సంఖ్య తీసుకుని, దాన్ని 1 నుంచి 8 వరకు ఒక్కో అంకె వర్గంతో గుణించి, 127తో భాగించగా మిగిలిన శేషాలే ఆ విద్యార్థి కీలు, అంటే ట్రీలో చొప్పించాల్సిన అంకెలు. హాల్‌టికెట్ చివరి అంకెలు వాడొద్దు, జేఎన్‌టీయూ తరహా నంబర్లలో 99 దాటాక ఏ0, బీ1 అని అక్షరాలొస్తాయి. 127 ఎందుకంటే అది ప్రధాన సంఖ్య, మీ 126 కన్నా పెద్దది. ఎవరికీ సున్నాలు రావు, ఏ ఇద్దరికీ ఒకే వరస రాదు, ఒకరి ఎనిమిది కీల్లో ఏదీ రెండుసార్లు పడదు. 101 పెట్టారంటే 101వ వాడికి అన్నీ సున్నాలే, 1వ వాడికీ 102వ వాడికీ ఒకటే వరస.

47వ నంబరు విద్యార్థిని చూడండి. కీలు 47, 61, 42, 117, 32, 41, 17, 87. వరసగా చొప్పిస్తే 41 దగ్గర మొదటి అవాంతరం: 42 నోడ్ ఎడమ-కుడి డబుల్ రొటేషన్ (ఒక వైపు ఒరిగిన ట్రీని సరిచేసే మార్పు) అడుగుతుంది. 17 ఏ గొడవా లేకుండా కూర్చుంటుంది. 87 వచ్చేసరికి 61 దగ్గర కుడి-ఎడమ డబుల్ రొటేషన్. చివరకు రూట్ 47, ఎడమ 41, కుడి 87. ప్రతి రొటేషన్‌కు ముందూ వెనకా చేత్తో గీసిన బొమ్మ, ఫోటో తీసి మూడిల్‌లో పెట్టాలి.

ఇది పక్కవాడిది ఎత్తిరాయడాన్ని ఆపుతుంది, ఏఐని ఆపదు. ఎనిమిది కీలు ఇస్తే ఏఐ కూడా చేసిపెడుతుంది. ఆపేది తర్వాతి మెట్టు. గడువు ముగిసిన మర్నాడు క్లాసులో, ఎవరి బొమ్మ వాళ్లకిచ్చి, బోర్డు మీద "తొమ్మిదో కీ 20" అని రాయండి. ఐదు నిమిషాలు, ఫోన్లు సంచుల్లో. 47వ వాడికి 20 వెళ్లి 17కు కుడి పక్కన పడుతుంది, 32 దగ్గర ఎడమ-కుడి డబుల్ రొటేషన్ కావాలి. పక్కనే కూర్చున్న 48వ వాడికి ఆ 20 ఏ రొటేషనూ లేకుండా 6 కింద కూర్చుంటుంది. తొంగి చూసినా పనికిరాదు. జవాబుల పట్టిక ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి ముందే తీసి పెట్టుకోండి, చేత్తో 126 దిద్దితే మీకే తప్పులు వస్తాయి. 10 మార్కుల్లో ఇంటి బొమ్మకు 3, ఈ ఐదు నిమిషాలకు 7 వేయండి. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్ చేసేది కూడా ఇలాంటిదే: ఇంట్లో చేసే వారం వారం అసైన్‌మెంట్లకు 25, పరీక్ష కేంద్రంలో కూర్చుని రాసేదానికి 75.

ఏఐ గురించి ప్రశ్నపత్రం మీదే మూడు వాక్యాలు ఉండాలి: దేనికి వాడొచ్చు, దేనికి వాడకూడదు, వాడితే ఏం రాయాలి. "నైతికంగా వాడండి" లాంటి మాట దండగ. "ఇంగ్లిష్ తప్పులు దిద్దించుకోవచ్చు, బొమ్మలు, వివరణ సొంతం, ఏ టూల్‌ను ఏ భాగానికి వాడారో చివర ఒక వాక్యం రాయండి, రాసినందుకు మార్కు తగ్గదు" అంటే పిల్లలకు తెలుస్తుంది. చివరి ముక్క లేకపోతే ఎవరూ నిజం రాయరు.

మూడిల్ క్విజ్ దగ్గర జరిగే నష్టం ఎక్కువగా సెట్టింగుల్లోనే. 20 ప్రశ్నల క్విజ్‌కు బ్యాంకులో కనీసం 60 ఉండాలి. అప్పుడు కూడా ఏ ఇద్దరికైనా సగటున ఆరేడు ప్రశ్నలు కలుస్తాయి. బ్యాంకులో 25 మాత్రమే ఉంటే 16 కలుస్తాయి, ర్యాండమ్ అని పేరే. రివ్యూ ఆప్షన్లలో సరైన జవాబు "ఆఫ్టర్ ద క్విజ్ ఈజ్ క్లోజ్డ్" దగ్గర మాత్రమే టిక్ ఉండాలి. లేకపోతే మొదట ముగించినవాడి స్క్రీన్‌షాట్ పది నిమిషాల్లో క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. పరీక్ష తప్ప వేరే ఏదీ తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్, మ్యాక్, ఐప్యాడ్, ఐఫోన్‌ల మీదే నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడవదు. అంటే ల్యాబ్‌లో కూర్చోబెట్టి పెడితేనే దానికి అర్థం. కరెంటు పోయినవాళ్లకు, అదనపు సమయం ఇవ్వాల్సినవాళ్లకు యూజర్ ఓవర్‌రైడ్ ఉంది, క్విజ్ మొత్తాన్ని తిరిగి తెరవకండి.

మూడిల్ లాగ్‌లో ఇద్దరికి ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) కనిపించిందని కాపీ అనేయొద్దు. హాస్టల్ వైఫైలో అందరూ బయటికి ఒకే ఐపీతో కనిపిస్తారు, మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకరికొకరు తెలియని బోలెడుమంది ఒకే ఐపీ పంచుకుంటారు.

ల్యాబ్ ప్రోగ్రాములకు, కోడ్‌ల మధ్య పోలికలు పట్టే మాస్, జేప్లాగ్ అనే టూల్స్ రెండూ పనికొస్తాయి. జేప్లాగ్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, పిల్లల కోడ్ బయటికి పంపక్కర్లేదు. వేరియబుల్ పేర్లు మార్చినా, కామెంట్లు చేర్చినా రెండూ పట్టుకుంటాయి. కానీ ముప్పై లైన్ల లింక్డ్ లిస్ట్ ప్రోగ్రామ్‌కు వాడకండి. దాన్ని రాయగలిగిన పద్ధతులే రెండు మూడు, అందరిదీ కలుస్తుంది. రికార్డును సీనియర్లది చూసి రాయడం నాలుగేళ్లూ మనమే చూసీ చూడనట్టు వదిలేస్తాం కాబట్టి, ఆ కోడ్ తరతరాలుగా ఒకటే ఉంటుంది కూడా. 150 లైన్లు దాటే మినీ ప్రాజెక్టులకు వాడండి. మీరిచ్చిన టెంప్లేట్ కోడ్‌ను బేస్ ఫైల్‌గా ఇవ్వండి. మాస్‌లో ఇంకో మెలిక ఉంది: ఒక ముక్క పది మంది కన్నా ఎక్కువమందిలో కనిపిస్తే, అది టీచర్ ఇచ్చిన కోడేమో అనుకుని లెక్కలోంచి తీసేస్తుంది. డీఫాల్ట్ అదే. ఇద్దరు కాపీ కొడితే దొరుకుతారు, పదిహేనుమంది ఒకే చోట కొనుక్కొచ్చిన ప్రాజెక్టు పెడితే ఎవరూ దొరకరు. అందుకని రెండుసార్లు నడపండి, ఒకసారి ఆ పరిమితి 10తో, ఇంకోసారి 126తో. రెండో రిపోర్టులో కొత్తగా పైకి తేలిన ముక్కను ముందు మీ ల్యాబ్ మాన్యువల్‌లో, ఆ తర్వాత సీనియర్ల ఫైళ్లలో వెతకండి, పిల్లల్ని పిలవడం ఆ తర్వాత.